మా పేట కళోత్సవాలు: 7 శనివారాలు, 41 శాలువాలు

ముప్పై నాలుగేళ్లు స్టేషన్ మాస్టరుగా చేసినవాడికి రిటైరయ్యాక కూడా వదలని జబ్బు ఒకటుంటుంది. ఏది మొదలైనా, ఏది ఆగినా టైము రాసుకోవడం. పాలబ్బాయి ఎన్నింటికొచ్చాడో కూడా రాసేవాణ్ణి, మా ఆవిడ ఆ పుస్తకం లాక్కుని కందిపప్పు డబ్బా కింద దాచేసేదాకా. కాబట్టి ఈ రాతలో గంటలూ నిమిషాలూ ఎక్కువగా కనబడితే ఏమీ అనుకోకండి.

రాజమండ్రిలో మా పేటకో కమ్యూనిటీ హాలుంది. పెళ్లిళ్లూ, పోలియో చుక్కలూ, ఎన్నికలొస్తే పోలింగూ అన్నీ అందులోనే. పేరు రాయను. నిర్వాహకులంతా పొద్దున్నే వాకింగులో ఎదురుపడేవాళ్లు. మొన్న కార్తీకం నుంచి మాఘం దాకా, శనివారం విడిచి శనివారం, 7 సాయంత్రాల కళోత్సవాలు పెట్టారు. మొత్తం సీజనుకి పాసు 600 రూపాయలు, ఒక్కరోజుకైతే 150. నేనూ మా ఆవిడా చెరో పాసు కొన్నాం. ఏడుకి ఏడూ చూశాం. ఆవిడ సినిమా పాటల రోజు మాత్రం అరగంటలో లేచి వచ్చేసింది.

ముందు హాలు సంగతి. రేకుల కప్పు. ప్లాస్టిక్ కుర్చీలు. ఫ్యాను సరిగ్గా నెత్తిన ఉన్న చోట కూచుంటే స్టేజి మీది మాట వినబడదు, పక్కకి జరిగితే దోమలు. నా అనుభవం మీద చెబుతున్నాను, మూడో వరసలో ఎడమ గోడ వైపు నాలుగో కుర్చీ శ్రేష్ఠం. బాత్రూము ఒకటే. ఆడవాళ్లకి వేరే ఉంది గానీ, దానికి తాళం ఉంది, తాళంచెవి వాచ్‌మన్ దగ్గరుంది, వాచ్‌మన్ టీకొట్టు దగ్గరున్నాడు. ఆ టీకొట్టు మాత్రం బాగుంటుంది. అల్లం దంచి వేస్తాడు, 10 రూపాయలు.

మొదటి రోజు హరికథ. కరపత్రంలో సాయంత్రం 6 గంటలకన్నారు. నేను 5:50కే వెళ్లి కూచున్నాను. 6:35కి జ్యోతి వెలిగించారు. అక్కణ్ణుంచి 7:50 దాకా, అంటే 75 నిమిషాలు, వేదిక మీదున్న తొమ్మిది మందీ ఒకరినొకరు పొగుడుకున్నారు. ముఖ్య అతిథి, గౌరవ అతిథి, ఆత్మీయ అతిథి అని మూడు రకాలున్నారు. ఆత్మీయ అతిథి అంటే చందా కాస్త తక్కువిచ్చినవాడని తర్వాత తెలిసింది.

కథ చెప్పినావిడ కపిలేశ్వరపురం హరికథా పాఠశాలలో నేర్చుకుందట. కుడిచేతిలో చిడతలు, కాలికి గజ్జెలు, మెళ్లో మల్లెదండ. రుక్మిణీ కల్యాణం. హరికథలో ఉన్న కష్టం ఏమిటంటే, నాటకంలో పదిమంది చేసే పని ఒక్కరే చెయ్యాలి. రుక్మిణీ ఆవిడే, శిశుపాలుడూ ఆవిడే, మధ్యలో పిట్టకథ చెప్పి నవ్వించేదీ ఆవిడే. ఆదిభట్ల నారాయణదాసుగారిని హరికథా పితామహుడంటారే, ఆయన పుట్టింది 1864లో. ఆ కాలంలో కథ ఎత్తుకుంటే తెల్లారేదాకా నడిచేది. ఇక్కడ ఈవిడకి దొరికింది సరిగ్గా 75 నిమిషాలు, ఉపన్యాసాలకి పట్టినంతే. అగ్నిద్యోతనుడు రుక్మిణి కబురు మోసుకుని ద్వారకకి బయల్దేరేదాకా ఎంత నిమ్మళంగా నడిపిందో! కబురు చేరేసరికి నిర్వాహకుల్లో ఒకాయన ముందు వరసలోంచి వాచీ చూపించాడు. అంతే, పాపం, రథం, యుద్ధం, రుక్మి గుండు, తాళిబొట్టు అన్నీ పది నిమిషాల్లో అయిపోయాయి. ఎక్స్‌ప్రెస్సుని ఔటర్లో గంటంపావు నిలబెట్టి, ఆనక డ్రైవర్ని టైము మేకప్ చెయ్యమన్నట్టుంది.

ఇంటికొచ్చాక పప్పుడబ్బా కింద పుస్తకం బయటికి తీశాను. మా ఆవిడ ఈసారి ఏమీ అనలేదు.

రెండో కార్యక్రమం తోలుబొమ్మలాట. సీజను మొత్తానికి ఇదొక్కటే చూసినా పాసు డబ్బులు గిట్టినట్టే. కారణం కూడా చెబుతాను: ఆ రోజు ముఖ్య అతిథి రాలేదు. ఊళ్లో ముహూర్తాలున్నాయి, ఏదో పెళ్లికి వెళ్లిపోయాడు. ఒకాయన అయిదు నిమిషాలు మాట్లాడి దిగిపోయాడు. ఆట 6:20కి మొదలై 8:45కి ముగిసింది. 145 నిమిషాలు, అడ్డులేకుండా.

నేను సామర్లకోటలో పనిచేసిన రోజుల్లో పక్కనే ఉన్న మాధవపట్నంలో బొమ్మలాటవాళ్ల ఇళ్లు చూశాను. మేకతోలు నానబెట్టి, గీకి, వెలుగు అవతలికి కనబడేంత పల్చగా చేసి ఆరబెడతారు. తర్వాత ఉలితో సన్నటి చిల్లులు పొడుస్తారు. హారాలూ, వడ్డాణాలూ, కిరీటాలూ అన్నీ ఆ చిల్లులే. రంగు రెండువైపులా వేస్తారు. మన ఆంధ్రా బొమ్మలు అయిదడుగులు, అంతకు పైనా ఉంటాయి. రావణుడి బొమ్మ చూస్తే, ఆడించేవాడి కంటే పెద్దదేమో అనిపిస్తుంది.

ఇక్కడ మొదటి పావుగంట అన్యాయంగా గడిచింది. తెల్లటి తెర కట్టారు, వెనకాల బల్బులు వెలిగించారు. హాలువాళ్లు మాత్రం స్టేజికి అటూ ఇటూ ఉన్న రెండు ట్యూబులైట్లు ఆర్పలేదు. వినాయకుడొచ్చాడు, సరస్వతొచ్చింది, ఉతికి వెలిసిపోయిన క్యాలెండరు బొమ్మల్లా ఉన్నారు. నేనే లేచి వెళ్లి స్విచ్‌బోర్డు దగ్గర కుర్రాణ్ణి అడిగాను. ‘సీసీ కెమేరా కోసమండి’ అన్నాడు. ‘ఎవడూ ఏమీ ఎత్తుకుపోడు నాయనా, నేను చూస్తుంటాను’ అన్నాను. ఆర్పాడు.

ఆర్పగానే తెరమీద హనుమంతుడు ఎర్రగా వెలిగాడు. కింద చాప మీద కూచున్న పిల్లలు ఒక్కసారిగా ‘ఓ’ అన్నారు. సముద్రం దాటేటప్పుడు బొమ్మని తెరకి ఆనించి ఆడించారు, ప్రతి చిల్లూ నక్షత్రంలా కనబడింది. ఆ తర్వాత నెమ్మదిగా తెరకి దూరంగా లాగారు. నీడ పెద్దదయింది, అంచులు చెదిరాయి, మొత్తం తెరంతా హనుమంతుడే. ఇన్నేళ్లుగా చూస్తున్నా ఆ ఒక్క కిటుకూ నాకు పాతపడదు.

సగంలో ఆగలేక స్టేజి వెనక్కి వెళ్లాను. తొమ్మిదిమంది ఉన్నారు. ఒకాయన రెండు చేతుల్తో రెండు బొమ్మలాడిస్తున్నాడు, నోటితో పద్యం పాడుతున్నాడు, కాళ్ల కింద చెక్కబల్ల వేసుకుని యుద్ధం వచ్చినప్పుడల్లా దాన్ని దబదబా తొక్కుతున్నాడు. బయటనుంచి వింటే ఏనుగుల నడకలా ఉన్న చప్పుడు, చూస్తే ఒక పాత బల్లా, పగిలిన మడమలూ. పక్కన ఒక పెద్దావిడ కూచునే సీతకి గొంతిస్తూ, చేత్తో తర్వాత రావలసిన బొమ్మ కర్ర వెతికి అందిస్తోంది. వరస తప్పితే లంకలోకి దశరథుడొచ్చేస్తాడు. పెట్టెలు వరస మార్చి తగిలించే షంటింగులో మాకుండే కంగారే ఇది.

నవ్వించే బొమ్మలు కేతిగాడూ బంగారక్కా వచ్చినప్పుడు మాత్రం కొన్ని మాటలు మరీ ముతకగా పడ్డాయి. నా ముందు వరసలో ఒక తల్లి కూతురి చెవులు మూసింది, తను మాత్రం పగలబడి నవ్వింది. అదెప్పుడూ అంతే, కేతిగాడు మర్యాదగా మాట్లాడితే వాడు కేతిగాడెలా అవుతాడు?

బుర్రకథ రోజుకి అతిథులు మళ్లీ నిండుగా వచ్చారు. బొబ్బిలి కథ. మధ్యలో కథకుడు తంబురా భుజాన వేసుకుని, బొటనవేలి అందెలు మోగిస్తూ. ఇరుపక్కలా గుమ్మెటలు వాయిస్తూ వంత పాడేవాళ్లు, ఒకాయనది హాస్యం, ఇంకొకాయనది రాజకీయం. గుంటూరు జిల్లా పొన్నెకల్లు నాజర్‌గారు ఈ విద్యని ఎక్కడికో తీసుకెళ్లి 1986లో పద్మశ్రీ అందుకున్నారు. ఆయన కథ నేను చిన్నప్పుడు విన్నాను, దాంతో ఇప్పుడు ఎవరు చెప్పినా కొంచెం తక్కువగానే అనిపిస్తుంది. అది వీళ్ల తప్పు కాదు.

70 నిమిషాల ఉపన్యాసాల తర్వాత మొదలైన కథ 1757 జనవరికి వచ్చింది. కోట కూలింది. బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడు చీకట్లో విజయనగరం రాజు విజయరామరాజు గుడారంలోకి దూరుతున్నాడు. కథకుడి గొంతు సన్నబడింది, గుమ్మెట మీద ఒక్క వేలు ఆడుతోంది, హాల్లో దగ్గు కూడా లేదు. సరిగ్గా అప్పుడు ఒకాయన మైకు పట్టుకుని స్టేజి ఎక్కాడు. ముఖ్య అతిథిగారు ఇంకో సభకి వెళ్లాలి గనక కళాకారుల సన్మానం ఇప్పుడే చేసేస్తామని!

శాలువాలొచ్చాయి. పాపారాయుడు గుడారంలో ఒక కాలు లోపలా, ఒక కాలు బయటా పెట్టుకుని అలాగే ఉండిపోయాడు. ఫొటో కోసం ముగ్గుర్నీ ఇటు తిరగమన్నారు. అప్పుడు హాస్యం వంతాయన శాలువా సర్దుకుంటూ అన్నాడు: ‘కథ ఆగింది గానీ పాపారాయుడి చేతిలో కత్తి ఆగలేదు బాబయ్యా, అతిథిగారిని కొంచెం జాగ్రత్తగా దింపండి.’ హాలు దద్దరిల్లింది. అతిథిగారు కూడా నవ్వారు, నవ్వక ఏం చేస్తారు. ఆ తర్వాత రాజుని పొడిచారు గానీ, ఎవరికీ పెద్దగా బాధ కలగలేదు.

కూచిపూడి సాయంత్రం గురించి నాలుగు మాటలు చాలు. పిల్లలు శ్రద్ధగా చేశారు. చివర్లో పెద్దమ్మాయి ఇత్తడి పళ్లెం అంచుల మీద నిలబడి తరంగం చేసింది, ఆ సిమెంటు స్టేజి మీద పళ్లెం కీచుమనకుండా జరపడం మామూలు విషయం కాదు. కానీ తమ పాప అంశం అవగానే ఆ కుటుంబం మొత్తం లేచి వెళ్లిపోవడం ఏం పద్ధతండీ? తరంగం వేళకి ముప్పై మందిమి మిగిలాం.

అష్టావధానం మా గోదావరివాళ్ల సొంత సరుకు. జంటగా అవధానాలు చేసిన తిరుపతి వేంకట కవుల్లో చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు పుట్టింది మన కడియంలో, 1870లో. నేను ఆ కడియం స్టేషన్లో రెండేళ్లు నైట్ డ్యూటీలు చేశాను, అందుకని ఆయనతో ఏదో చుట్టరికం ఉన్నట్టు మాట్లాడతాను, ఏమనుకోకండి. ఈ కళకి ఉన్న గొప్ప సౌకర్యం ఒకటి ఆ రోజే నాకు బోధపడింది. ఎనిమిది మంది పృచ్ఛకులు, అంటే ప్రశ్నలు వేసేవాళ్లు, సభ నడిపే ఒక సంచాలకుడు, అందరికీ ఒక్కడే బదులిచ్చే ఒక అవధాని. వేదిక మీద పదే కుర్చీలు పడతాయి. అతిథులకి చోటు లేదు! 15 నిమిషాల్లో మొక్కుబడి తీర్చుకుని 6:20కి లైన్ క్లియర్ ఇచ్చేశారు.

నిషిద్ధాక్షరి ఇచ్చినాయన తెలుగు లెక్చరరు, కనికరం లేని మనిషి. అవధాని ఒక అక్షరం చెప్పగానే తర్వాత రాబోయేది ఊహించి దాన్నే కొట్టేసేవాడు. ‘రా’ అనగానే ‘మ’ నిషేధం. ఆయన ‘మ’ పోతే ‘ఘ’తో వెళ్లిపోయి రాఘవుణ్ణి పట్టుకొచ్చాడు. దత్తపదికి, అంటే ఇచ్చిన మాటలు పద్యంలో ఇమడ్చడానికి, బస్సు, లారీ, కారు, ఆటో ఇచ్చి సీతాస్వయంవరం చెప్పమన్నారు. ‘కారుమబ్బు’లో కారు దొరికిపోయింది గానీ, లారీ దగ్గర కాసేపు గడ్డం నిమురుకున్నాడు. అడ్డు ప్రశ్నలతో ధ్యాస చెడగొట్టే అప్రస్తుత ప్రసంగం ఆయన అదను చూసి అందుకున్నాడు: ‘అవధానిగారూ, మీకూ వందేభారత్‌కీ తేడా ఏమిటి?’ ‘దానికి దారిలో అడ్డాలు తీసేస్తారండి, నాకు మీరే అడ్డం’ అన్నాడాయన, తల ఎత్తకుండానే.

ఇక ఘంటాగణనం. పద్యాల మధ్యలో ఒకాయన గంట కొడుతూ ఉంటాడు, చివర్లో మొత్తం ఎన్నో అవధాని చెప్పాలి. బ్లాక్ ఇన్‌స్ట్రుమెంటు గంటలు లెక్కపెట్టి పక్క స్టేషనుతో మాట్లాడినవాణ్ణి, ఒక్క బీటు మోగితే అటెన్షనని నిద్రలో కూడా చెబుతాను. ఇదెంత అనుకుని నేనూ లెక్కపెట్టాను. పుస్తకంలో గీతలు గీస్తూ మరీ. నాకు 31 వచ్చాయి. మూడు గంటలు దాటాక అవధాని నాలుగు పద్యాలూ ధారణ చేసి, అంటే గుర్తుంచుకుని అప్పజెప్పి, చివర్న 32 అన్నాడు. గంట కొట్టినాయన కాగితం చూపించాడు, 32. లారీ దగ్గర నవ్వుతూ ఒకటి వదిలేసుంటాను. గంటలు లెక్కపెట్టే పనికి నేను జీతం తీసుకున్నాను, తలుచుకుంటే భయమేసింది.

పద్యనాటకం రోజు నా కోపం అతిథుల మీద కాదు, మైకు కుర్రాడి మీద. హరిశ్చంద్ర, కాటి సీను. అరవై దాటిన నటుడు, గొంతులో ఇంకా జీవముంది. రేకుల కప్పు కింద ఆయన మామూలుగా పాడినా చివరి వరసదాకా వినబడుతుంది. ఈ కుర్రాడు దానికి ఎకో పెట్టాడు. హరిశ్చంద్రుడు ‘మాయామేయ జగంబె’ దాకా వెళ్లకముందే వెనక్కి ఆరుగురు హరిశ్చంద్రులు వస్తున్నారు. పైగా మూడ్రోజుల కిందటి పెళ్లి డెకరేషన్లో థర్మోకోలు హృదయం ఒకటి వెనక గోడకి అలాగే మిగిలిపోయింది, శ్మశానం పరదాకి పైన. కాటికాపరి నెత్తిన ఎర్ర హృదయం పెట్టుకుని కొడుకు శవానికి సుంకం అడుగుతుంటే ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

రెండో పద్యానికి నటుడే చెయ్యి ఎత్తి మైకు తీసేయమన్నాడు. అప్పుడు విన్నాం అసలు గొంతు. హార్మోనియం ఆయన శ్రుతి పట్టుకున్నాడు, ఈయన చివరి పాదం మీద రాగం అందుకుని, పైకి వెళ్లి, అక్కడ ఊపిరి నిలిపి, దిగకుండా ఉండిపోయాడు. ముందు వరస పెద్దాయన ఊతకర్ర నేలకి కొట్టి ‘వన్స్‌మోర్’ అన్నాడు. చచ్చిన కొడుకు పక్కన కూచున్న చంద్రమతి కూడా కొంచెం సర్దుకుని కూచుంది, ఇప్పట్లో అవదని. మళ్లీ పాడాడు, ఈసారి ఇంకాస్త ఎక్కువ. ఆ నిమిషాలు నేను రాసుకోలేదు.

ఏడో రోజు సినిమా పాటలు. ట్రాకు పెట్టుకుని పాడారు. రాసేదేం లేదు. హాలు మాత్రం ఆ ఒక్కరోజే నిండింది, బయట కూడా నిలబడ్డారు. అది కూడా రాయకపోతే నాది తప్పుడు రిజిస్టరవుతుంది.

లెక్క తేలింది ఇలా. కళకి 815 నిమిషాలు, అంటే 13 గంటల 35 నిమిషాలు. వేదిక మీది ఉపన్యాసాలకీ సన్మానాలకీ 320 నిమిషాలు, 5 గంటల 20 నిమిషాలు. ఆలస్యాలు ఇందులో వెయ్యలేదు. శాలువాలు 41, అందులో కళాకారులకి పద్నాలుగే. ఇదంతా ఒక కాగితం మీద ఎత్తి రాసి కార్యదర్శి కుర్రాడికిచ్చాను. మంచివాడే, నా కొడుకు ఈడువాడు. నన్ను బడిపంతులనుకుంటాడో ఏమో, మేస్టారూ అంటాడు.

చదివాడు. ‘మేస్టారూ, పాసులు 110 అమ్ముడయ్యాయండి. 66 వేలు. బొమ్మలాటవాళ్లు తొమ్మిదిమంది, వ్యాను, భోజనాలు; నాటకానికి పరదాలు, మేకప్పు, హార్మోనియం... రెండు ప్రోగ్రాములకే సరిపోతాయండి అవి. మిగతాదంతా ఈ అతిథులిచ్చిందే. శాలువా కప్పకపోతే వచ్చే ఏడు ఇవ్వరండి’ అన్నాడు. బొమ్మలాట రోజు పెళ్లికి పోయినాయన సంగతి అడిగాను. ‘ఆయనే అందరికంటే ఎక్కువిచ్చాడండి, ఆయ్’ అన్నాడు.

దానికి నా దగ్గర సమాధానం లేదు. కనీసం సన్మానాలు ప్రదర్శన అయ్యాక పెట్టమన్నాను. అయ్యాక పెడితే చూసేవాళ్లుండరు, అతిథులు ఒప్పుకోరన్నాడు. పోనీ పాసు వెయ్యి చెయ్యమన్నాను, నేను కొంటాను. రాసుకున్నాడు. బాత్రూము తాళంచెవి, ట్యూబులైట్లు, ఎకో, ఇవి మూడూ కూడా రాసుకున్నాడు. వచ్చే సీజనుకి సురభివాళ్లని తెచ్చే ఆలోచన ఉందన్నాడు. 1885 నుంచి నాటకాలాడుతున్న కుటుంబాలవి, తెస్తే అంతకంటే ఏం కావాలి. కాని ఆ రేకుల కప్పుకి, మాయాబజార్ నాటకంలో గాల్లోంచి దిగే ఘటోత్కచుణ్ణి ఎక్కణ్ణుంచి వేలాడదీస్తారని అడిగాను. పైకి చూసి, అది ఆలోచించలేదన్నాడు.

కాబట్టి పాసు కొనాలా వద్దా అని అడిగితే, కొనండి. బొమ్మలాట, అవధానం, పద్యనాటకం ఈ మూడింటికీ తప్పకుండా వెళ్లండి, మిగతా రోజుల్లో 7:30కి బయల్దేరినా ఏమీ పోదు.

వెళ్లబోతుంటే కార్యదర్శి వెనక నుంచి పిలిచాడు. ‘మేస్టారూ, వచ్చే సీజన్లో సీనియర్ సిటిజన్ల కోటాలో మీకో సన్మానం అనుకున్నామండి. ఏడింటికీ చివరిదాకా ఉన్నది మీరొక్కరేనండి.’

‘ఎన్ని నిమిషాలు?’ అన్నాను.

‘పది నిమిషాలేనండి.’

ఆలోచించి చెబుతానని వచ్చేశాను. ఇంట్లో చెబితే మా ఆవిడ కూర తరుగుతూ, ‘ఒప్పుకోండి గానీ శాలువా మంచిదిమ్మనండి. ఎదురింటాయనకి కప్పింది ఒక్క ఉతుక్కే రంగంతా పోయింది’ అంది.